సైగాన్ నుంచి 17వ అక్షాంశం దాకా: వియత్నాంలో ఆరు రోజులు

టీ కొట్టు దగ్గర యుద్ధం మాటెత్తితే మనలో ప్రతివాడూ సేనాధిపతే. ఎవరి మీద ఎప్పుడు బాంబు వెయ్యాలో, ఏ దేశంతో స్నేహం తెంచుకోవాలో టీ చల్లారేలోపు తేల్చేస్తాం. వియత్నాంలో ఓ వారం తిరిగొస్తే ఆ ఉత్సాహం కొంత దిగుతుంది. ఫ్రాన్సుతో, అమెరికాతో, 1979లో చైనాతో పోరాడిన దేశం అది. ఇప్పుడు ముగ్గురితోనూ వ్యాపారం చేస్తోంది. అక్కడి మనుషులు యుద్ధం గురించి పెద్దగా మాట్లాడరు, బోర్డులే మాట్లాడతాయి. దేని మీద ఏం రాశారు, ఏది చెరిపి మళ్లీ రాశారు, ఏది అసలు రాయలేదు అని చూసుకుంటూ వెళ్తే వాళ్ల విదేశాంగ విధానం సగం అర్థమైపోతుంది.

వెళ్లింది టెట్ అయిన పది రోజులకు. టెట్ అంటే వాళ్ల ఉగాది. ఆ వారం మాత్రం వద్దు, సగం దుకాణాలు మూసేసి జనం ఊళ్లకు పోతారు. అక్టోబరు, నవంబరు నెలల్లో మధ్య వియత్నాం అసలే వద్దు, వరదొస్తే హోయ్ అన్ వీధుల్లో పడవలు తిరుగుతాయి.

మొదటి రోజు, సైగాన్

ముందు డబ్బు సంగతి. రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. ధర చివరి మూడు సున్నాలు కొట్టేసి, మిగిలినదాన్ని మూడుంపావుతో హెచ్చిస్తే రూపాయల్లో లెక్క వచ్చేస్తుంది. 40,000 డాంగ్‌లంటే 130 రూపాయల పైచిలుకు. వ్యాపారులు ఆ సున్నాలు నోటితో కూడా పలకరు, ‘యాభై’ అంటే యాభై వేలే. చిక్కంతా నోట్ల రంగుతో. 20,000 నోటూ నీలమే, 5,00,000 నోటూ నీలమే. రాత్రిపూట టాక్సీలో 65 రూపాయలనుకుని 1,600 చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. ఐదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకుంటే సరి.

ఊరి పేరు 1976లో హో చి మిన్ సిటీగా మార్చారు. జనం నోట మాత్రం సైగానే. రైల్వే స్టేషన్ పేరు కూడా ఇప్పటికీ సైగానే. ఫ్రెంచివాళ్లను తరిమేశాక వీధుల పేర్లు దాదాపు అన్నీ మార్చారు గానీ పాశ్చర్ వీధిని వదిలేశారు. కుక్కకాటుకు మందు కనిపెట్టినవాడితో వాళ్లకు పేచీ లేదు.

యుద్ధ అవశేషాల మ్యూజియం టికెట్ 40,000. లోపలికి వెళ్లేముందు దీని పేర్ల చరిత్ర తెలుసుకోవాలి. 1975 సెప్టెంబరులో తెరిచినప్పుడు ఇది ‘అమెరికా, తొత్తు ప్రభుత్వాల నేరాల ప్రదర్శనశాల’. 1990లో ‘అమెరికా’, ‘తొత్తు’ రెండూ పోయి ‘యుద్ధ, దురాక్రమణ నేరాల ప్రదర్శనశాల’ అయింది. 1995లో వాషింగ్టన్‌తో దౌత్య సంబంధాలు కుదిరాయి, ‘నేరాలు’ కూడా పోయాయి. బోర్డు మీద మాటలు మెత్తబడ్డాయి గానీ గోడల మీది ఫొటోలు మెత్తబడలేదు. ఏజెంట్ ఆరెంజ్ గది దగ్గర పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు చాలామంది వెనక్కి తిరుగుతారు, వాళ్లను తప్పుపట్టలేం. 1961 నుంచి పదేళ్లపాటు అడవుల మీద చల్లిన ఆ విషం ఎవరి కడుపులో ఎలా తేలిందో ఆ గదిలో ఉంది. పైఅంతస్తు నుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ చూస్తే రద్దీ తగలదు. ఆవరణలో విమానాలు, ట్యాంకుల దగ్గర ఫొటోలు దిగేవాళ్లుంటారు, అది ఆఖర్న చూసుకోవచ్చు.

అక్కడికి దగ్గర్లోనే స్వాతంత్ర్య సౌధం, అమెరికా అండతో నడిచిన దక్షిణ వియత్నాం అధ్యక్షుడి భవనం. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు దీని గేట్లు గుద్దుకుని లోపలికొచ్చాయి. ఆ ఘనత ఏళ్లపాటు 843వ నంబరు ట్యాంకుది. అది పక్క గేటులో ఇరుక్కుపోయిందనీ, పెద్ద గేటు కూల్చింది 390వ నంబరు ట్యాంకనీ ఇరవై ఏళ్ల తర్వాత ఓ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో బయటపడితే గానీ తేలలేదు. ఆవరణలో ఇప్పుడు నిలబెట్టిన రెండూ అదే రకానివి, అసలువి హనోయ్‌లో ఉన్నాయి. పక్కన నిలబడి సెల్ఫీ దిగేవాళ్లకు ఈ సంగతి చెప్పి వాళ్ల ఆనందం పాడుచెయ్యక్కర్లేదు.

సాయంత్రం దారి తప్పడం ఖాయం. చిరునామా 45/12 అని ఉంటే 45వ నంబరు దగ్గర సందులోకి తిరిగి 12వ ఇల్లు చూసుకోవాలి. 45/12/3 అంటే ఆ సందులో మరో సందు. ఫోన్‌లో మ్యాపు ‘చేరుకున్నారు’ అనేది సందు మొదట్లోనే. అలా తప్పిపోయిన చోటే మంచి తిండి దొరికింది. మోకాలెత్తు ప్లాస్టిక్ స్టూళ్లు, ఇరవై ఐదు వేలకు గుడ్డు పెట్టిన బాన్ మీ అనే రొట్టె, ఊరకే పోసే ఐసు టీ. బల్ల మీద పెట్టే తడి రుమాలు ప్యాకెట్ మాత్రం ఊరకే కాదు, చింపితే బిల్లులో రెండు మూడు వేలు కలుస్తాయి.

రెండో రోజు, కు చి, ఆపైన మారియమ్మ గుడి

అమెరికా సేనలతో పోరాడిన గెరిల్లాలు దాక్కున్న కు చి సొరంగాలకు రెండు ద్వారాలున్నాయి. బెన్ దిన్ సైగాన్‌కు దగ్గర, టూరు బస్సులు ఎక్కువగా అక్కడికే వెళ్తాయి. బెన్ డుయాక్ ఇంకాస్త దూరం, జనం తక్కువ. ‘కు చి టూర్’ అని అమ్మేదాంట్లో నూటికి తొంభై బెన్ దిన్‌వే, ఏ ద్వారానికి తీసుకెళ్తారో అడిగి కొనాలి. పర్యాటకులు దూరే సొరంగాన్ని వెడల్పు చేశారు. అయినా నడుం వంచి, కొన్నిచోట్ల పాకి వెళ్లాల్సిందే. ప్రతి ఇరవై మీటర్లకూ బయటికొచ్చే దారి ఉంటుంది. ఊపిరాడనట్టు అనిపిస్తే మొహమాటపడకుండా మొదటి దారిలోనే బయటపడాలి, వెనక వరసకట్టిన వాళ్లను దాటి తిరిగి రావడం కుదరదు.

ఒకప్పుడు 250 కిలోమీటర్ల దాకా విస్తరించిన ఈ సొరంగాల్లో చూడాల్సింది తూటాల గుర్తులు కాదు, వంటిల్లు. పేరు హోవాంగ్ కామ్ పొయ్యి. ఫ్రెంచివాళ్లతో యుద్ధం నాటి సైన్యపు వంటవాడి పేరు అది. పొయ్యి వెనకనుంచి నేలలో కాలువ తవ్వుతారు. అది ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి సాగుతుంది, పైన కొమ్మలు పరిచి తడిమట్టి కప్పుతారు. పొగ ఆ దారంతా చల్లారి, చివర మంచులా నేలను అంటుకుని పాకుతుంది. తెల్లవారుజామునే వండేవాళ్లు, నిజం మంచులో ఈ మంచు కలిసిపోయేది. గాలికి పెట్టిన కన్నాలను చెదపుట్టల్లో దాచారు. పుట్టను చూసి ఎవరికి అనుమానం వస్తుంది?

ఆఖర్న ఉడకబెట్టిన కర్రపెండలం ముక్కలు పెడతారు, అద్దుకోవడానికి వేరుశెనగ, నువ్వులు, ఉప్పు కలిపిన పొడి. సొరంగాల్లో వాళ్లు తిన్నది ఇదేనట. మన పల్లీపొడికి మేనకోడలు. పక్కనే కాల్పుల మైదానం. ఏకే-47, ఎం-16 తుపాకులు అద్దెకిస్తారు, తూటాల లెక్కన డబ్బు. సొరంగంలో గైడు చావుల సంగతి చెబుతుంటే బయట పర్యాటకుల తుపాకులు మోగుతూ ఉంటాయి. ఇంతకంటే ఎబ్బెట్టు వ్యాపారం ఇంకోటి కనపడలేదు.

సాయంత్రం ట్రూయాంగ్ దిన్ వీధిలోని మారియమ్మ గుడికి. తమిళ వర్తకులు కట్టుకున్న గుడి అది. నాట్టుకోట్టై చెట్టియార్లు ఇక్కడ వడ్డీవ్యాపారం చేశారు. ఫ్రెంచి పౌరసత్వం తీసుకున్న పుదుచ్చేరివాళ్లు నౌకరీలు చేశారు. 1975 తర్వాత చెట్టియార్లలో చాలామంది తమిళనాడుకీ, పుదుచ్చేరివాళ్లలో చాలామంది ఫ్రాన్సుకీ వెళ్లిపోయారు. అమ్మవారు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడొచ్చే భక్తుల్లో ఎక్కువమంది వియత్నామీలే. అగరువత్తులు తల మీదికెత్తి మూడుసార్లు వంగి, గర్భగుడి వెనక్కి వెళ్లి, రాతి గోడకు నుదురు ఆనించి కోరిక గొణుక్కుంటారు. ఆఫీసు బట్టల్లో ఉన్న అమ్మాయి ఐదు నిమిషాలు అలాగే నిలబడిపోయింది. చెవిలో చెబితే తప్ప అమ్మవారికి వినపడదన్నట్టు.

మూడో రోజు, డా నాంగ్ మీదుగా మీ సన్, రాత్రి హోయ్ అన్

1965 మార్చి 8న అమెరికా మెరైన్లు దిగింది డా నాంగ్ తీరంలోనే. 2018 మార్చిలో అదే ఊరి రేవుకు అమెరికా విమానవాహక నౌక కార్ల్ విన్సన్ అతిథిగా వచ్చింది. దీన్ని వాళ్లు వెదురు దౌత్యం అంటారు, పార్టీ ప్రధాన కార్యదర్శిగా చేసిన న్గుయెన్ ఫు ట్రోంగ్ వాడుకలోకి తెచ్చిన మాట. వేరు గట్టిది, కాండం గట్టిది, కొమ్మ గాలినిబట్టి వంగుతుంది. 2023 సెప్టెంబరులో బైడెన్, డిసెంబరులో షీ జిన్‌పింగ్, 2024 జూన్‌లో పుతిన్ హనోయ్‌కొచ్చారు. పది నెలల్లో ముగ్గురికీ ఎర్రతివాచీ పరిచిన రాజధాని మరొకటి ఉంటే చెప్పండి. మనవాళ్లు దీన్ని గోడమీద పిల్లివాటం అనొచ్చు. పక్కింట్లో చైనా ఉన్నవాడికి గోడ మీద కూర్చోవడం కూడా కష్టమైన విద్యే.

హోయ్ అన్ నుంచి మీ సన్ గుళ్లు నలభై కిలోమీటర్లు. టికెట్ 1,50,000, లోపలి బ్యాటరీ బండితో కలిపి. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. తొమ్మిదికల్లా బస్సులు దిగుతాయి, పదికల్లా ఆ లోయ పెనంలా కాలుతుంది. నాలుగో శతాబ్దంలో, మధ్య వియత్నాంను ఏలిన చంపా రాజ్యపు రాజు భద్రవర్మ ఇక్కడ భద్రేశ్వరుడనే శివుడిని ప్రతిష్ఠించాడు. ఇటుకల మధ్య సున్నం గీత కనిపించకుండా కట్టిన గుళ్లు, సంస్కృత శాసనాలు. అందరూ బి, సి, డి సముదాయాలు చూసి ఫొటోలు దిగి వెనక్కి తిరుగుతారు. ఇంకో పది నిమిషాలు నడిచి ఎ సముదాయానికి వెళ్లాలి. చంపా శిల్పుల పనితనానికి పెద్ద సాక్ష్యం అనదగిన ఎ1 గోపురం అక్కడే ఉండేది. గెరిల్లాలు లోయలో దాక్కున్నారని 1969 ఆగస్టులో అమెరికా బాంబులు వేస్తే ఇటుకల దిబ్బగా మిగిలింది. గడ్డి పెరిగిన గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, వాన పడితే చెరువులనుకుంటాం.

యుద్ధం తర్వాత ఇక్కడ పనిచేసిన పోలండ్ వాస్తుశిల్పి కజిమియెజ్ క్వియత్‌కోవ్‌స్కీకి హోయ్ అన్‌లో విగ్రహం ఉంది. 2017 నుంచి ఎ, హెచ్, కె సముదాయాలను మన పురావస్తు శాఖ బాగుచేసింది. ఆ పనిలోనే 2020 మేలో ఒకే ఇసుకరాతిలో చెక్కిన శివలింగం బయటపడింది. కొత్త ఇటుకను పాతదాంతో కలిపిన చోటు చూస్తే రంగు తేడా తెలుస్తుంది. అలా తెలియాలనే చేస్తారు, ఏది పాతదో ఏది అతుకో చూసేవాడికి తెలియాలి కాబట్టి. ఈ గుళ్లు కట్టిన చాం జాతి ఇప్పుడు దక్షిణాన కొన్ని జిల్లాల్లో అల్పసంఖ్యాకులు. కొందరు శైవులు, కొందరు ముస్లిములు. గుళ్లు నిలిచాయి, వాటిని కట్టినవాళ్ల రాజ్యం నిలవలేదు.

ఆ రాత్రి చాంద్రమాన నెలలో పద్నాలుగో తిథి. హోయ్ అన్ పాతబస్తీలో ఆ రోజు కరెంటు దీపాలు ఆర్పేసి కాగితపు లాంతర్లు వెలిగిస్తారు. నది మీద వదిలే దీపం పది, ఇరవై వేలు. 

నాలుగో రోజు, హుయే

డా నాంగ్ నుంచి హుయేకి రైలెక్కాలి, కుడివైపు కిటికీ పట్టుకోవాలి. హాయ్ వాన్ కనుమ దగ్గర రైలు కొండకీ సముద్రానికీ మధ్య నక్కినట్టు వెళ్తుంది. రోడ్డుమీద వెళ్లేవాళ్లు ఆరు కిలోమీటర్ల సొరంగంలో దూరిపోతారు, వాళ్లకిదేం కనపడదు.

టెట్ తర్వాత తొలి పున్నమి ఆ రోజు. శాకాహారులు హుయేకి రావాల్సిన రోజు ఇదే. ప్రతి చాంద్రమాన నెలలో మొదటి రోజు, పదిహేనో రోజు బౌద్ధులు మాంసం మానేస్తారు. ఆ ఊళ్లో మామూలుగా మాంసం అమ్మే బండ్ల మీద కూడా ‘చై’ అని అట్టముక్క వేలాడుతుంది. చై అంటే శాకాహారం. టీ అనుకుని అడిగితే పుట్టగొడుగులు, టోఫూ వేసిన నూడిల్స్ పెట్టి నవ్వుతారు. టీ కావాలంటే ‘చా’ అనాలి. మామూలు రోజుల్లో జాగ్రత్త, ఆకుకూర వేపుడులో కూడా చేపల సారం పడుతుంది. ‘మాంసం వద్దు’ అంటే చాలదు, చేపల సారాన్ని వాళ్లు మాంసం కింద లెక్కేయరు. చై అనే మాట ఒక్కటే పని చేస్తుంది. మాంసం తినేవాళ్లకైతే ఊరి పేరే పెట్టుకున్న బున్ బో హుయే ఉంది, గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ పడతాయి.

1968 టెట్ రోజుల్లో ఇక్కడి పాత రాజుల కోటలో దాదాపు నెల రోజులు యుద్ధం జరిగింది. గోడల మీద తూటా దెబ్బలు చూపిస్తారు. ఆ రోజుల్లోనే ఊళ్లోని పౌరులను వేల సంఖ్యలో కమ్యూనిస్టు సేనలు చంపి పూడ్చేసిన సంగతి ఏ బోర్డు మీదా లేదు. ఓడిన దక్షిణంవాళ్లను 1975 తర్వాత నిర్బంధించిన శిబిరాల గురించి లేదు. పడవలెక్కి పోయినవాళ్ల గురించీ లేదు. రెండు దశాబ్దాల్లో దాదాపు ఎనిమిది లక్షల మంది అలా పడవల్లో పరాయి తీరాలు చేరారు, దారిలో పోయినవాళ్లకు లెక్క లేదు. అప్పట్లో పారిపోయినవాళ్ల పిల్లలు ఇప్పుడు కాలిఫోర్నియా యాసలో వియత్నామీ మాట్లాడుతూ ఇక్కడి బండ్ల దగ్గర నిలబడతారు. బండివాళ్లు నవ్వుతారు, ధర మాత్రం విదేశీ ధరే చెబుతారు.

ఐదో రోజు, బెన్ హాయ్ నది, విన్ మోక్

హుయే నుంచి డ్రైవరుతో కారు రోజుకు పదిహేను నుంచి ఇరవై లక్షల డాంగ్‌లు, అంటే ఐదారు వేల రూపాయలు. బండెక్కగానే డ్రైవరు వయసు అడుగుతాడు. కోపం తెచ్చుకోవద్దు, వరస కలపడానికది. వాళ్ల మాటల్లో నువ్వు, మీరు పెద్దగా వినపడవు. అన్న, అక్క, తమ్ముడు, బాబాయి, పెదనాన్న ఉన్నాయి. తండ్రికంటే పెద్దవాడు ‘బాక్’, చిన్నవాడు ‘చు’. ఇంగ్లిషువాళ్లు అంకుల్ అని సరిపెట్టిన హో చి మిన్ వాళ్లకు ‘బాక్ హో’, అంటే పెదనాన్న. ఈ తేడా మనకు వివరించి చెప్పక్కర్లేదు.

హియెన్ లుయాంగ్ వంతెన దగ్గర మ్యాపు ఒకటో నంబరు జాతీయ రహదారి మీది కొత్త వంతెన చూపిస్తుంది. దాని మీద దాటేస్తే తిరిగి రావాలి. చూడాల్సింది పక్కనున్న పాత నమూనా. 1954 జెనీవా ఒప్పందం దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర రెండుగా కోసింది. రెండేళ్లలో ఎన్నికలు పెట్టి కలిపేస్తామన్నారు, కలవడానికి ఇరవై ఏళ్లు దాటింది. 178 మీటర్ల వంతెన, సగం వాళ్లది, సగం వీళ్లది. దక్షిణంవాళ్లు తమ సగానికి రంగు మారిస్తే, దేశం ఒకటేనని ఉత్తరంవాళ్లు తమ సగానికి అదే రంగు పూసేవాళ్లు. వెంటనే అవతలివాళ్లు మళ్లీ మార్చేవాళ్లు. జెండా కర్రలూ అంతే, పోటీపడి పెంచుకుంటూ పోతే ఉత్తరం కర్ర 38.6 మీటర్లకు చేరింది. నదికి అటూ ఇటూ లౌడ్‌స్పీకర్లలో తిట్లు, పాటలు. అసలు వంతెన 1967లో బాంబులకు కూలిపోయింది. ఇప్పుడున్నదానికి సగం పసుపు, సగం నీలం రంగు వేశారు. నడిమధ్య గీత మీద రెండు కాళ్లు అటూ ఇటూ వేసి ఫొటో దిగడం ఆచారం.

మ్యూజియం గదిలో మనవాళ్లు హడావుడిగా దాటేసే ఫొటో ఒకటుంది, జెనీవా ఒప్పందం అమలు చూడ్డానికి వేసిన అంతర్జాతీయ పర్యవేక్షణ సంఘానిది. కెనడా, పోలండ్ సభ్యులు, అధ్యక్షత భారత్‌ది. యుద్ధాన్ని వాళ్లు ఆపలేకపోయారు, నివేదికలు రాశారు. మీ సన్‌లో ఇటుకలు పేర్చింది కూడా ఆ ముగ్గురిలో ఇద్దరే. రెండో పనిలోనే మన దేశానికి మంచి పేరొచ్చిందని చెప్పాలి.

విన్ మోక్ సముద్రపు ఒడ్డు ఊరు, టికెట్ 50,000. కు చి సైనికుల సొరంగం, ఇది ఊరి సొరంగం. మూడంతస్తులు, పదమూడు ద్వారాలు, వాటిలో ఏడు సముద్రం వైపు. 1966 నుంచి 1972 దాకా ఊరు ఊరంతా ఇందులో బతికింది. పదిహేడుమంది పిల్లలు ఇందులోనే పుట్టారు. పురిటి గది అంటే గోడలో తొలిచిన గూడు, అంతే. ఎర్రమట్టి గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది, అందుకే కప్పు నిలిచింది. కొంచెం వంగితే నడవొచ్చు, పాకక్కర్లేదు. నేల జారుడు, చెప్పులు కాదు బూట్లు వేసుకోవాలి. కు చి, విన్ మోక్‌లలో ఒకటే చూసే తీరిక ఉంటే ఇదే చూడాలి. సముద్రం వైపు ద్వారంలోంచి బయటికొస్తే అలల చప్పుడు ఒక్కసారిగా చెవుల్లో పడుతుంది. గేటు బయట ముసలమ్మలు మిరియాలు అమ్ముతారు, ఆ ప్రాంతం పంట అది. ఘాటు ఎక్కువ, పావుకిలో చాలు.

రాత్రి డోంగ్ హాలో డ్రైవరు వాళ్లింటికి టీకి పిలిచాడు. పూర్వీకుల పీఠం మీద పళ్లు, అగరువత్తులు, రెండు ఫొటోలు. ఒకటి ఉత్తర సైన్యంలో చేసిన పెదనాన్నది, యూనిఫారంలో. ఇంకోటి దక్షిణ సైన్యంలో చేసిన తండ్రిది, తెల్లచొక్కాలో. తండ్రి యూనిఫారం ఫొటో ఎందుకు పెట్టలేదని అడగలేదు, అడగాల్సిన పని లేదు.

ఆరో రోజు, క్వాంగ్ ట్రి

ఈ జిల్లాలో ఒకే ఒక నియమం, సిమెంటు దారి దిగొద్దు. పేలని బాంబులు నేలలో ఇంకా ఉన్నాయి. పాత ఇనుము అమ్ముకునేవాళ్లు, పొలం దున్నేవాళ్లు వాటికి బలయ్యారు. డోంగ్ హాలో రెన్యూ సంస్థ నడిపే ప్రదర్శనశాలలో ఏ బాంబు ఎలా ఉంటుందో చూపిస్తారు. టెన్నిస్ బంతిలాంటి క్లస్టర్ బాంబు గుండు చూస్తే పిల్లలు ఎందుకు చేతికి తీసుకుంటారో తెలుస్తుంది.

క్వాంగ్ ట్రి కోట కోసం 1972లో 81 రోజులు కొట్టుకున్నారు. లోపల ఇప్పుడు పచ్చగడ్డి తప్ప పెద్దగా ఏమీ లేదు. స్థానికులు గడ్డి మీద నడవరు, గట్టిగా మాట్లాడరు. కింద ఎవరున్నారో తెలియదంటారు. పక్కన థాచ్ హాన్ నదిలో పూలు వదులుతారు.

అక్కడినుంచి కొండల్లోకి, ట్రూయాంగ్ సన్ సైనిక శ్మశానానికి. పదివేలకు పైగా సమాధులు, జిల్లాలవారీగా వరసలు. అగరువత్తుల కట్ట గేటు దగ్గరే కొనుక్కోవాలి. తమవాడి సమాధి దగ్గర ఒకటి గుచ్చి, మిగిలినవి చుట్టుపక్కల వాళ్లకు గుచ్చుతారు. ఒక్కడికే పెట్టి వెళ్లడం మర్యాద కాదు. కొన్ని రాళ్ల మీద పేరు లేదు. ఒకప్పుడు వాటి మీద ‘అనామకుడు’ అని ఉండేది, ఇప్పుడు ‘వివరాలు ఇంకా తెలియలేదు’ అని మార్చారు. దక్షిణ సైనికులకు ఇక్కడ చోటు లేదు.

తిరుగు దారిలో తినాల్సింది చావ్ వాట్ జూయాంగ్, అంటే మంచంపట్టెల గంజి. బియ్యప్పిండి ముద్దను పట్టెల్లా కోసి, చేపల పులుసులో ఉడికిస్తారు. ఆ చేప ఏమిటా అని వంటింట్లోకి తొంగిచూస్తే తొట్టిలో కదులుతున్నది అచ్చంగా మన కొరమీను. ముళ్లు తీసి, ఉల్లికాడలతో నూనెలో వేయించి పైన వేస్తారు. పచ్చిమిరపకాయ గిన్నె పక్కన పెడతారు, ఆ జిల్లావాళ్ల కారం మనకు దీటే. గిన్నె నలభై వేలు. తడి రుమాలు చింపాం, ఇంకో రెండు వేలు.